జీపీయూ కోడ్‌లో సైన్, పౌ, ఎక్స్‌ప్ లాంటి మ్యాథ్ ఫంక్షన్లని కంపైలర్ ఏ స్టేజ్‌లో పట్టుకోవాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. సొంతంగా ఒక చిన్న లాంగ్వేజ్‌కి ఎల్‌ఎల్‌వీఎం (కంపైలర్లు కట్టడానికి వాడే టూల్‌కిట్) మీద కంపైలర్ రాసుకున్నారు, సీపీయూకి కంపైల్ చేస్తే సైన్, ఎక్స్‌ప్, పౌ అన్నీ నడుస్తున్నాయి, అదే కోడ్‌ని ఎన్విడియా జీపీయూకి పంపిస్తే పీటీఎక్స్ (ఎన్విడియా జీపీయూల అసెంబ్లీ భాష) అసెంబ్లర్ "అన్‌రిసాల్వ్‌డ్ ఎక్స్‌టర్న్ ఫంక్షన్ సైన్‌ఎఫ్" అని ఆపేస్తోంది. సరే అని ఎల్‌ఎల్‌వీఎం ఇంట్రిన్సిక్‌కి (అర్థం ఎల్‌ఎల్‌వీఎంకే తెలిసిన బిల్టిన్ ఫంక్షన్) మార్చితే ఈసారి బ్యాకెండ్ (చివర్లో మెషీన్ కోడ్ పుట్టించే భాగం) "కెనాట్ సెలెక్ట్ ఎఫ్‌సైన్" అంటోంది. క్లాంగ్ (ఎల్‌ఎల్‌వీఎం మీదే కట్టిన సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్) ఇదంతా ఎలా చేస్తోంది, మనం ఏం చెయ్యాలి, పైగా ఎలాగోలా నడిపించాక సీపీయూ ఆన్సర్‌కీ జీపీయూ ఆన్సర్‌కీ చివరి అంకెల్లో తేడా ఎందుకొస్తోంది అని. మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి కలిపే చెప్తాను, కొంచెం పెద్దగా వస్తుంది.

ముందు అసలు ఎర్రర్ ఎందుకో చూద్దాం. సీపీయూలో మీ కంపైలర్ సైన్‌ఎఫ్ అనే పేరుకి ఉత్త కాల్ పెట్టి వదిలేస్తుంది, ఆ పేరు వెనకాల ఉన్న బాడీని లింకర్ సిస్టమ్‌లోని మ్యాథ్ లైబ్రరీ నుంచి తెచ్చి అతికిస్తుంది, కంపైలర్‌కి దానితో పని లేదు. జీపీయూ వైపు ఆ వెనకాల ఎవరూ లేరు. సిస్టమ్ మ్యాథ్ లైబ్రరీ సీపీయూ ఇన్‌స్ట్రక్షన్లలో ఉంటుంది, అది డివైస్‌కి, అంటే జీపీయూకి, పనికిరాదు. అందుకని జీపీయూ తయారుచేసేవాళ్ళు ఆ ఫంక్షన్లన్నీ రాసి ఎల్‌ఎల్‌వీఎం బిట్‌కోడ్‌గా (ఐఆర్ అనే మధ్య రూపం, ఫైల్‌గా) ఇస్తారు. ఎన్విడియాది లిబ్‌డివైస్, సీయూడీఏ (CUDA, ఎన్విడియా జీపీయూ ప్రోగ్రామింగ్ వేదిక) 9 నుంచి అన్ని ఆర్కిటెక్చర్లకీ కలిపి ఒకటే ఫైల్, లిబ్‌డివైస్.10.బీసీ అని ఉంటుంది, అంతకుముందు ఆర్కిటెక్చర్‌ని బట్టి వేరే వేరే ఫైళ్ళు ఉండేవి. ఏఎండీది ఓసీఎంఎల్. వీటిలో పేర్లు మామూలు పేర్లు కావు, లిబ్‌డివైస్‌లో __ఎన్‌వీ_సైన్‌ఎఫ్ అని, ఓసీఎంఎల్‌లో __ఓసీఎంఎల్_సైన్_ఎఫ్32 అని. అంటే మామూలు పేరుని ఈ పేరుకి ఎవరో ఒకరు, ఏదో ఒక స్టేజ్‌లో మార్చాలి. ఏ స్టేజ్‌లో మారుస్తారన్నదే అసలు డిజైన్ నిర్ణయం, మిగతా తలనొప్పులన్నీ దాని నుంచే పుడతాయి.

క్లాంగ్ సీయూడీఏ కోడ్ విషయంలో దీన్ని అన్నిటికంటే ముందు, హెడర్లలోనే చేసేస్తుంది. సీయూడీఏ ప్రోగ్రామ్‌ని అది రెండుసార్లు కంపైల్ చేస్తుంది, ఒకసారి హోస్ట్‌కి, అంటే సీపీయూకి, ఒకసారి డివైస్‌కి, డివైస్‌కి చేసేటప్పుడు కూడా సిస్టమ్ హెడర్లే చదువుతుంది ఎందుకంటే టైపులూ స్ట్రక్ట్‌లూ రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా. మరి సిస్టమ్ హెడర్‌లో ఉన్న సైన్ హోస్ట్ ఫంక్షన్. అందుకే క్లాంగ్ తన సొంత రాపర్ హెడర్లని ముందు దూర్చి, డివైస్ అని మార్క్ చేసిన ఇంకో సైన్‌ని అదే పేరుతో డిక్లేర్ చేస్తుంది, దాని బాడీలో __ఎన్‌వీ_సైన్‌కి కాల్ ఒక్కటే ఉంటుంది. క్లాంగ్‌లో హోస్ట్, డివైస్ మార్కుల్ని బట్టి కూడా ఓవర్‌లోడింగ్ జరుగుతుంది కాబట్టి డివైస్ ఫంక్షన్‌లోంచి పిలిస్తే డివైస్‌ది దొరుకుతుంది. చెప్పడానికి తేలిగ్గానే ఉంది గానీ ఆ హెడర్లు ఒకసారి తెరిచి చూడండి, ఎన్ని గొడవలు సర్దారో. ఉదాహరణకి కొన్ని పాత సిస్టమ్ హెడర్లలో ఈజ్‌ఇన్ఫ్, ఈజ్‌నాన్ స్టాండర్డ్ చెప్పినట్టు బూల్ కాకుండా ఇంట్ రిటర్న్ చేస్తాయి. రిటర్న్ టైప్ ఒక్కటే మారితే అది ఓవర్‌లోడ్ అవ్వదు, ఎర్రర్ అవుతుంది. ఓపెన్‌ఎంపీలో (ప్రాగ్మాలతో కోడ్‌ని సమాంతరంగా నడిపే పద్ధతి) హోస్ట్, డివైస్ అనే మార్కులు లేవు కాబట్టి అక్కడ డిక్లేర్ వేరియంట్ అనే ప్రాగ్మాతో "ఈ ఆర్కిటెక్చర్ అయితే ఇది వాడు" అని చెప్తారు, అక్కడ ఈ ఈజ్‌ఇన్ఫ్ కోసం ప్రత్యేకంగా ఇంట్ వెర్షన్, బూల్ వెర్షన్ రెండూ పెట్టాల్సి వచ్చింది. మీది సొంత లాంగ్వేజ్, సీ హెడర్లు చదవదు, కాబట్టి ఈ బాధ మొత్తం మీకు తప్పింది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వద్దాం. ముందే పేరు మార్చేస్తే ఏం పోతుంది? ఆప్టిమైజర్‌కి సైన్ అంటే ఏంటో తెలుసు, పౌ అంటే ఏంటో తెలుసు. పౌ(ఎక్స్, 2.0) కనిపిస్తే ఎక్స్ ఇంటూ ఎక్స్ అని రాసేస్తుంది, పౌ(2.0, ఎక్స్) కనిపిస్తే ఎక్స్‌ప్2 చేస్తుంది, కాస్(-ఎక్స్) ని కాస్(ఎక్స్) చేస్తుంది, ఆర్గ్యుమెంట్ కాన్‌స్టంట్ అయితే కంపైల్ టైమ్‌లోనే లెక్క కట్టేస్తుంది. అదే __ఎన్‌వీ_పౌఎఫ్ అని ఉంటే దానికి అది ఎవరిదో తెలియని ఫంక్షన్. లిబ్‌డివైస్ బాడీ ఇన్‌లైన్ అయ్యాక, అంటే పిలిచిన చోటే వచ్చి కూర్చున్నాక, కొంత సరళం అవుతుంది గానీ, ఆ బాడీ నిండా బిట్ ఆపరేషన్లు, టేబుల్ చూడటాలు, స్పెషల్ కేస్ బ్రాంచీలు ఉంటాయి, వాటిలోంచి "ఇది ఎక్స్ ఇంటూ ఎక్స్" అని తిరిగి కనిపెట్టడం ఏ ఆప్టిమైజర్ వల్లా కాదు. మ్యాథ్ కాల్స్ ఎక్కువ ఉన్న కెర్నెల్‌లో (జీపీయూ మీద నడిచే ఫంక్షన్) ఇది చిన్న నష్టం కాదు.

సరే మామూలు పేరుతోనే చివరిదాకా ఉంచుదాం అంటే ఇంకో గొయ్యి ఉంది. ఎల్‌ఎల్‌వీఎంలో ఏ టార్గెట్‌లో ఏ లైబ్రరీ ఫంక్షన్లు ఉన్నాయో చెప్పే టార్గెట్ లైబ్రరీ ఇన్ఫో అని ఒక లిస్ట్ ఉంది కదా, ఎన్విడియా, ఏఎండీ టార్గెట్లకి అందులో మ్యాథ్ ఫంక్షన్లు "లేవు" అని ఆపేసి ఉంటుంది. కారణం న్యాయమైనదే: ఆప్టిమైజర్ పౌ ని ఎక్స్‌ప్2 గా మార్చిందనుకోండి, మీ మాడ్యూల్‌లో అప్పటిదాకా ఎక్స్‌ప్2 అనే పేరే లేదు, మీరు లింక్ చేసిన బిట్‌కోడ్‌లోంచి వాడినవి మాత్రమే తెచ్చుకున్నారు, ఇప్పుడు కొత్తగా పుట్టిన ఈ కాల్‌కి బాడీ ఎక్కడ్నించి వస్తుంది? సీపీయూలో అయితే లింకర్ తెస్తుంది, ఇక్కడ తెచ్చేవాళ్ళు లేరు, మళ్ళీ అదే అన్‌రిసాల్వ్‌డ్ ఎర్రర్. అందుకని మామూలు పేరు పెట్టినా డివైస్ టార్గెట్‌లో ఆప్టిమైజర్ దాన్ని గుర్తుపట్టదు. అంటే ఉత్త కాల్‌గా ఉంచితే లాభమూ లేదు, బాడీ కూడా లేదు.

ఇక మిగిలింది ఇంట్రిన్సిక్. ఎల్‌ఎల్‌వీఎం.సైన్.ఎఫ్32 లాంటివి. ఇవి లైబ్రరీ లిస్ట్ మీద ఆధారపడవు, మెమరీ ముట్టుకోవు అని ముందే రాసి ఉంటుంది, ఫాస్ట్ మ్యాథ్ ఫ్లాగులు మోస్తాయి, వెక్టరైజర్‌కి కూడా అర్థమవుతాయి. మిడిల్ ఎండ్‌లో (ఆప్టిమైజర్ నడిచే దశ) ఉండటానికి ఇవే సరైన రూపం, ఇందులో నాకు సందేహం లేదు. కానీ వీటిని అలాగే బ్యాకెండ్‌కి పంపకూడదు, మీకొచ్చిన కెనాట్ సెలెక్ట్ అదే. ఎన్విడియా బ్యాకెండ్ సింగిల్ ప్రిసిషన్ సైన్ ఇంట్రిన్సిక్‌ని అప్రాక్సిమేట్ పర్లేదు అన్న ఫ్లాగ్ ఉంటేనే సైన్.అప్రాక్స్.ఎఫ్32 ఇన్‌స్ట్రక్షన్‌గా మారుస్తుంది, లేకపోతే చేతులెత్తేస్తుంది, డబుల్ అయితే ఫ్లాగ్ ఉన్నా దారి లేదు. ఏఎండీ బ్యాకెండ్‌లో ఇదే ఇంట్రిన్సిక్ ఎర్రరే ఇవ్వదు. ఎక్స్‌ని 2π తో భాగించి, అంటే 0.15915494 తో గుణించి, హార్డ్‌వేర్ సైన్ ఇన్‌స్ట్రక్షన్‌కి ఇచ్చేస్తుంది, ఎందుకంటే ఆ హార్డ్‌వేర్ రేడియన్లు కాదు, చుట్లు తీసుకుంటుంది. చిన్న ఎక్స్‌కి ఆన్సర్ బానే ఉంటుంది. ఎక్స్ లక్ష దాటాక చూడండి, ఆ గుణకారం 24 బిట్లలోనే జరిగింది కాబట్టి చుట్టులో ఎక్కడున్నామో చెప్పే బిట్లు చాలావరకు పోయి ఉంటాయి, వచ్చే సంఖ్య మీద నమ్మకం పెట్టలేం. ఒకే ఐఆర్, ఒక టార్గెట్ అరిచి చెప్తోంది, ఇంకోటి నోరెత్తకుండా తక్కువ ప్రిసిషన్ ఇస్తోంది. నా దృష్టిలో అరిచేదే మంచిది, మీరు రేపు ఏఎండీ సపోర్ట్ పెట్టేటప్పుడు "ఎర్రర్ రాలేదు కదా" అని వదిలెయ్యకండి.

కాబట్టి నేను చెయ్యమనేది ఇది. ఫ్రంట్ ఎండ్‌లో అన్నీ ఇంట్రిన్సిక్‌లుగానే పెట్టండి, ఇంట్రిన్సిక్ లేనివి, అంటే ఈఆర్‌ఎఫ్, టీగామా లాంటివి, నేరుగా లైబ్రరీ పేరుకి కాల్ పెట్టండి గానీ మెమరీ ముట్టదు, ఎక్సెప్షన్ విసరదు అని అట్రిబ్యూట్లు తప్పకుండా రాయండి. ఈ అట్రిబ్యూట్ సంగతి చాలామంది వదిలేస్తారు. సీ స్టాండర్డ్ ప్రకారం మ్యాథ్ ఫంక్షన్లు ఎర్ర్‌నో అనే గ్లోబల్‌ని రాయొచ్చు, జీపీయూలో ఎర్ర్‌నోనే లేదు, క్లాంగ్ కూడా ఈ రెండు టార్గెట్లకీ డిఫాల్ట్‌గా మ్యాథ్ ఎర్ర్‌నో ఆపేస్తుంది. మీరు ఉత్త కాల్ పెడితే ఆప్టిమైజర్ అది మెమరీ మారుస్తుందేమో అని భయపడి లూప్ బయటికి తియ్యదు, రెండు ఒకేలాంటి కాల్స్‌ని ఒకటి చెయ్యదు. తర్వాత మామూలు సింప్లిఫికేషన్ ఒక రౌండ్ నడవనివ్వండి. అది అయ్యాక, మెయిన్ ఇన్‌లైనర్‌కి ముందు, మీ సొంత పాస్ ఒకటి పెట్టి మిగిలిన మ్యాథ్ ఇంట్రిన్సిక్‌లన్నిటినీ లిబ్‌డివైస్ కాల్స్‌గా మార్చి, ఆ పాయింట్‌లోనే లిబ్‌డివైస్‌ని లింక్ చేసి, ఆ తర్వాత ఇన్‌లైనింగ్, రెండో రౌండ్ ఆప్టిమైజేషన్. మీ పాస్‌లో ఫ్రంట్ ఎండ్ పుట్టించిన ఇంట్రిన్సిక్‌లే కాదు, ఆప్టిమైజర్ పుట్టించగలిగే ఎక్స్‌ప్2, పవర్‌ఐ లాంటివి కూడా ఉండాలి. ఇంకో మాట, మార్చేశాక నడిచే పాసులు కూడా అక్కడక్కడ కొత్త ఇంట్రిన్సిక్ పుట్టించొచ్చు, అందుకని కోడ్‌జెన్‌కి (మెషీన్ కోడ్ పుట్టించే దశకి) ముందు ఇదే పాస్‌ని ఇంకోసారి నడపండి, అప్పటికి ఇంకా ఏదైనా మిగిలి ఉంటే మీరే లైన్ నంబర్‌తో ఎర్రర్ ఇవ్వండి, యూజర్‌కి బ్యాకెండ్ క్రాష్ కంటే అది వందరెట్లు నయం. అన్ని ఇంట్రిన్సిక్‌లనీ మార్చాల్సిన పని కూడా లేదు: ఫ్యాబ్స్, ఎఫ్‌ఎంఏ (గుణకారం, కూడిక ఒకేసారి), ఫ్లోర్, స్క్వేర్ రూట్ లాంటివి హార్డ్‌వేర్‌కి సూటిగా ఉన్న పనులు, వాటిని బ్యాకెండ్‌కే వదిలెయ్యండి.

లింక్ చేసే దగ్గర రెండు మూడు ఉచ్చులున్నాయి. ఉత్త మాడ్యూల్ లింకర్‌తో కలిపేస్తే లిబ్‌డివైస్ ఫంక్షన్ల మీద మీ టార్గెట్ సీపీయూ, ఫీచర్ అట్రిబ్యూట్లు ఉండవు, కాలర్ మీద ఉంటాయి, ఇలా రెండూ వేరుగా ఉంటే ఇన్‌లైనింగ్ నిర్ణయాలు, ఫ్లోటింగ్ పాయింట్ సెట్టింగులు మీరనుకున్నట్టు ఉండవు. క్లాంగ్‌లో లింక్ బిల్టిన్ బిట్‌కోడ్ అనే ఫ్లాగ్ వేరేగా ఉన్నది ఇందుకే, అది వాడిన ఫంక్షన్లు మాత్రమే తెచ్చి, కమాండ్ లైన్‌లో ఉన్న అట్రిబ్యూట్లు వాటి మీద కూడా రాసి, ఇంటర్నల్ లింకేజ్‌కి మారుస్తుంది. మీరు ఈ మూడు పనులూ చేతితో చెయ్యాలి. ట్రిపుల్ (టార్గెట్ మెషీన్ ఏదో చెప్పే పేరు) తేడా ఉందని వార్నింగ్ వస్తే కంగారు పడకండి, లిబ్‌డివైస్ ట్రిపుల్‌లో చివర జీపీయూలిబ్స్ అని ఉంటుంది, మీ మాడ్యూల్‌లో సీయూడీఏ అని ఉంటుంది, లింక్ చేసేముందు దాన్ని మీ ట్రిపుల్‌కి మార్చేస్తే సరి.

రెండోది రిఫ్లెక్ట్. లిబ్‌డివైస్ ఒక్క ఫైలే అయినా డీనార్మల్స్‌ని (సున్నాకి మరీ దగ్గరగా ఉన్న అతి చిన్న సంఖ్యలు) సున్నా చేసే మోడ్, చెయ్యని మోడ్ రెండిటికీ పని చెయ్యాలి కదా, అందుకని లోపల __ఎన్‌వీవీఎం_రిఫ్లెక్ట్ అనే ఫంక్షన్‌ని "సీయూడీఏ ఎఫ్‌టీజెడ్ ఉందా" అని అడుగుతూ ఉంటుంది, దానికి బాడీ లేదు, ఎన్‌వీవీఎం రిఫ్లెక్ట్ అనే పాస్ వచ్చి మాడ్యూల్ ఫ్లాగ్ చూసి 0 గానీ 1 గానీ పెట్టేస్తుంది. ఈ పాస్ పైప్‌లైన్ మొదట్లో నడవాలంటే పాస్ బిల్డర్‌ని టార్గెట్ మెషీన్ ఇచ్చి కట్టాలి, టార్గెట్ మెషీన్ లేకుండా కడితే ఆ హుక్ పడదు, అప్పుడు ప్రతి ఫంక్షన్‌లో రెండు మోడ్‌ల బ్రాంచీలూ కోడ్‌జెన్ దాకా ఉండిపోతాయి, ఇన్‌లైనర్‌కి ఫంక్షన్ సైజు ఎక్కువ కనిపిస్తుంది. పైగా నేను చెప్పినట్టు మధ్యలో లింక్ చేస్తున్నారు కాబట్టి మొదట్లో నడిచిన పాస్ ఈ కొత్త కోడ్‌ని చూడనే లేదు, లింక్ అయిన వెంటనే మీరే దాన్ని ఇంకోసారి నడపాలి. ఏఎండీలో ఇదే పని వేరే రకంగా ఉంటుంది, చిన్న చిన్న కంట్రోల్ బిట్‌కోడ్ ఫైళ్ళు ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక కాన్‌స్టంట్: ఫైనైట్ ఓన్లీ (ఇన్ఫినిటీ, నాన్ రావనుకోవడం) ఆన్ లేక ఆఫ్, ఐఎస్ఏ వెర్షన్ ఎంత, వేవ్‌ఫ్రంట్ (కలిసి నడిచే థ్రెడ్ల గుంపు) 32నా 64నా. ఓసీఎంఎల్ ఒక్కటే లింక్ చేసి ఇవి మర్చిపోతే లింకర్ ఓసీఎల్‌సీ అని మొదలయ్యే సింబల్ దొరకలేదంటుంది.

హాఫ్ ప్రిసిషన్ ఉంటే లిబ్‌డివైస్‌లో ఆ వెర్షన్లు లేవు, ఎఫ్32కి పెంచి కాల్ చేసి తిరిగి తగ్గించండి, ఎంఎల్ఐఆర్‌లో (ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్టులోని ఇంకో కంపైలర్ ఫ్రేమ్‌వర్క్) కూడా ఇదే చేస్తారు. ఓసీఎంఎల్‌లో ఎఫ్16 వెర్షన్లు ఉన్నాయి.

ఇక స్పీడ్, ప్రిసిషన్. మీరు ఫాస్ట్ మ్యాథ్ ఫ్లాగ్ ఒకటే పెట్టి అన్నీ దాని కింద కట్టెయ్యకండి. అప్రాక్సిమేట్ సైన్‌కి సీయూడీఏ గైడ్‌లో ఇచ్చిన హామీ మైనస్ π నుంచి π మధ్యలో అబ్సల్యూట్ ఎర్రర్ రెండు పవర్ మైనస్ 21.41 దాటదని, అంతే, ఆ రేంజ్ బయట ఎర్రర్ పెరుగుతుంది. అబ్సల్యూట్ అన్నది గమనించండి, సైన్ విలువ సున్నాకి దగ్గరగా ఉన్నచోట రిలేటివ్‌గా చూస్తే అది చాలా పెద్ద ఎర్రర్ అవ్వొచ్చు. ఓపెన్‌సీఎల్ (వేర్వేరు కంపెనీల జీపీయూలకి కలిపి ఉన్న ప్రోగ్రామింగ్ స్టాండర్డ్) స్పెక్ అయితే సింగిల్ ప్రిసిషన్ సైన్‌కి 4 యూఎల్‌పీ (చివరి బిట్ స్థానంలో ఒక యూనిట్), పౌకి 16 యూఎల్‌పీ దాకా ఒప్పుకుంటుంది, భాగహారానికే 2.5 యూఎల్‌పీ. ఒకే ప్రోగ్రామ్‌లో ఒకచోట రంగుల లెక్క, ఇంకోచోట కక్ష్యల లెక్క ఉండొచ్చు, అందుకని మీ లాంగ్వేజ్‌లో అప్రాక్సిమేట్ అన్నది ఎక్స్‌ప్రెషన్ స్థాయిలో ఎంచుకునేలా పెట్టండి, ఇంట్రిన్సిక్ మీద ఫ్లాగ్‌గా మోసుకొస్తే మీ పాస్ ఆ ఒక్క కాల్‌ని హార్డ్‌వేర్ ఇన్‌స్ట్రక్షన్‌కి, మిగతావి లిబ్‌డివైస్‌కి పంపగలదు. ఇంట్రిన్సిక్ రూపం ఉంచమనడానికి నాకున్న పెద్ద కారణాల్లో ఇదొకటి.

పూర్తి ప్రిసిషన్ సైన్ వాడితే ఒకటి కనిపిస్తుంది, అసెంబ్లర్‌ని వెర్బోస్‌లో నడిపితే మీరు ఏ అరే డిక్లేర్ చెయ్యకపోయినా కెర్నెల్‌కి 28 బైట్ల స్టాక్ ఫ్రేమ్ అని చూపిస్తుంది. భయపడక్కర్లేదు. పెద్ద ఆర్గ్యుమెంట్లకి 2π తో శేషం సరిగ్గా తియ్యాలంటే π అంకెలు చాలా కావాలి, ఆ స్లో పాత్ మధ్యలో వచ్చే ఫలితాలని లోకల్ మెమరీలో పెట్టుకుంటుంది. సింగిల్ ప్రిసిషన్‌లో 105615 దాటితే ఆ దారిలోకి వెళ్తుంది, డబుల్‌లో 2147483648 దాటితే. వార్ప్‌లో (కలిసి నడిచే 32 థ్రెడ్ల గుంపు) ఒక్క థ్రెడ్ వెళ్ళినా మిగతా 31 ఆగాల్సిందే. మీ యూజర్లు టైమ్‌ని సెకన్లలో కూడబెట్టి ఓమెగా టీ అని సైన్‌కి ఇస్తుంటే కెర్నెల్ మొదట్లో వేగంగా నడిచి తర్వాత నెమ్మదించడానికి ఇది కారణం అవ్వొచ్చు. కోణాన్ని π లెక్కలో ఇవ్వగలిగితే సైన్‌పై (π ఇంటూ ఎక్స్‌కి సైన్) వాడమనండి, దాని రేంజ్ రిడక్షన్ చాలా తేలిక, ఈ స్లో పాత్ అవసరమే రాదు. మీ లాంగ్వేజ్‌లో సైన్‌పై బిల్టిన్‌గా ఇవ్వడం మంచి ఆలోచన.

టైప్ ప్రమోషన్ కూడా చూసుకోండి. సీ ప్లస్ ప్లస్ 11 నుంచి పౌ(ఫ్లోట్, ఇంట్) డబుల్‌లో జరుగుతుంది. ఆ రూల్‌ని మీ లాంగ్వేజ్‌లోకి తెచ్చుకుంటే యూజర్ ఫ్లోట్ కోడ్ రాశాననుకుంటాడు, కెర్నెల్ మధ్యలో డబుల్ పౌ కూర్చుంటుంది, గేమింగ్ కార్డుల్లో డబుల్ స్పీడ్ సింగిల్‌లో 32వ వంతో 64వ వంతో ఉంటుంది. సెకండ్ ఆర్గ్యుమెంట్ ఇంటీజర్ అయితే బేస్ టైప్‌లోనే ఉండేలా మీ రూల్ రాసుకోండి.

చివరి అంకెల తేడా మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, రెండు లైబ్రరీలు వేరు, రెండూ కరెక్ట్ రౌండింగ్ హామీ ఇవ్వట్లేదు, కాబట్టి ఒకటి రెండు యూఎల్‌పీ తేడా తప్పు కాదు. రెండు, ఎఫ్‌ఎంఏ. క్లాంగ్ సీయూడీఏ కోడ్‌కి డిఫాల్ట్‌గా గుణకారం, కూడిక కలిపి ఒకే రౌండింగ్‌తో చేసేస్తుంది, సీపీయూ వైపు మీ సెట్టింగ్‌లో అలా కలవకపోవచ్చు. పోల్చేటప్పుడు రెండు వైపులా ఒకే సెట్టింగ్ పెట్టండి. మూడోది చాలామందికి తట్టదు, కాన్‌స్టంట్ ఫోల్డింగ్. సైన్(0.5) అని కనిపిస్తే ఎల్‌ఎల్‌వీఎం దాన్ని కంపైలర్ నడుస్తున్న మెషీన్ మ్యాథ్ లైబ్రరీతోనే లెక్క కడుతుంది, అంటే డివైస్ కోడ్‌లో ఒక సైన్ విలువ హోస్ట్ లైబ్రరీ నుంచి, పక్క లైన్‌లో వేరియబుల్ మీద సైన్ లిబ్‌డివైస్ నుంచి. జీసీసీ అయితే ఎంపీఎఫ్‌ఆర్ (ఎక్కువ ప్రిసిషన్ లెక్కల లైబ్రరీ) వాడి ఏ మెషీన్‌లోనైనా ఒకటే ఆన్సర్ ఇస్తుంది. మీకు బిట్ బిట్ సరిపోవడం తప్పనిసరి అయితే దారి ఒకటే, ఎక్స్‌ప్, లాగ్, సైన్ లాంటివి మీరే ఒక ఇంప్లిమెంటేషన్ రాసుకుని అదే ఐఆర్‌ని రెండు వైపులకీ కంపైల్ చేసి, కాంట్రాక్షన్ (గుణకారం, కూడిక కలిపెయ్యడం) ఆపి, ఎఫ్‌ఎంఏ కావాల్సినచోట చేత్తో పెట్టడం. స్పీడ్ కొంత పోతుంది, కానీ సిమ్యులేషన్ రెండు మెషీన్లలో ఒకేలా నడవాలన్నవాళ్ళకి అది విలువైనదే.

టెస్టింగ్‌కి శాంపుల్ విలువలతో సరిపెట్టకండి. ఒక ఆర్గ్యుమెంట్ ఉన్న సింగిల్ ప్రిసిషన్ ఫంక్షన్‌కి మొత్తం ఇన్‌పుట్లు 4294967296, జీపీయూకి అది చాలా చిన్న పని, మొత్తం నడిపి సీపీయూలో డబుల్‌లో లెక్కకట్టిన విలువతో పోల్చి గరిష్ఠ యూఎల్‌పీ ఎర్రర్, అది ఏ ఇన్‌పుట్ దగ్గర వచ్చిందో రాసుకోండి. ఎల్‌ఎల్‌వీఎం వెర్షన్ గానీ సీయూడీఏ వెర్షన్ గానీ మారినప్పుడల్లా మళ్ళీ నడపండి. పౌకి రెండు ఆర్గ్యుమెంట్లు కాబట్టి అన్నీ కుదరదు, అక్కడ సున్నా, మైనస్ సున్నా, ఇన్ఫినిటీలు, నాన్, డీనార్మల్స్, నెగెటివ్ బేస్‌కి సరి బేసి ఎక్స్‌పోనెంట్లు అన్నీ జతలుగా పెట్టండి. పౌ(1, నాన్) కి 1, పౌ(నాన్, 0) కి 1 రావాలి, ఈ రెండూ ఫైనైట్ ఓన్లీ ఫ్లాగ్ పొరపాటున లీకైతే ముందుగా దెబ్బతినేవి, కాబట్టి ఫ్లాగ్ లేని బిల్డ్‌లో ఈ టెస్ట్ ఫెయిలైతే లైబ్రరీని వెతకకండి, మీ పాస్ ఇంట్రిన్సిక్ నుంచి కాల్‌కి ఫ్లాగులు కాపీ చేసే లైన్ చూడండి, లేదా ఏఎండీ అయితే ఏ ఫైనైట్ ఓన్లీ ఫైల్ లింక్ అయిందో చూడండి.